మార్చిన డిస్‌ప్లే మళ్ళీ పోతే

ఫోన్ డిస్‌ప్లే పగలడం, దాన్ని మార్పించుకోవడం మనలో ఎవరికీ కొత్త కాదు. ఈరోజు చెప్పుకోబోయేది ఆ తర్వాత వచ్చే చిక్కు గురించి. మార్పించిన వారానికో, నెలకో ఆ కొత్త డిస్‌ప్లే మీద నిలువు గీతలు పడతాయి. లేదా వేలు పెట్టకుండానే టచ్ తనంతట తాను యాప్‌లు తెరిచేస్తుంది. లేదా ఒక ఉదయం అలారం మోగుతూనే ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. అప్పుడు చాలామంది ఆ దుకాణాన్ని తిట్టుకుని, పక్క వీధిలో ఇంకో దుకాణానికి వెళ్ళి ఇంకో డిస్‌ప్లే వేయించుకుంటారు. అలా వెళ్ళబోయే ముందు ఒక్కసారి ఆగమని అడుగుతున్నాను. రెండో డిస్‌ప్లేకు డబ్బు తీసేలోగా మొదటిది ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. తప్పు ఆ ముక్కలో ఉందా, దాన్ని బిగించిన తీరులో ఉందా, లోపలి బోర్డులో ఉందా, సాఫ్ట్‌వేర్‌లో ఉందా అన్నది తెలియకపోతే రెండోది కూడా అదే దారిన పోతుంది. అంతకంటే ముఖ్యం, తప్పు ఎక్కడుందో తేలితేనే ఆ ఖర్చు ఎవరు భరించాలో తేలుతుంది.

యూఏఈలో ఉన్నవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, నిర్మల్ నుంచి వచ్చినవాళ్ళు, గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి వచ్చినవాళ్ళు సోనాపూర్ క్యాంపుల్లోనో, అల్ కూజ్‌లోనో, షార్జా సజ్జాలోనో, అబుధాబి ముసఫ్ఫాలోనో ఉంటారు. వాళ్ళ చేతిలో ఉన్న ఆ ఒక్క ఫోనే వాళ్ళకు బ్యాంకు, గుర్తింపు కార్డు, ఇంటితో మాట. వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ కలవదు కాబట్టి ఇంటివాళ్ళ ముఖం చూడాలంటే బోటిమ్ లాంటి యాప్ కావాలి. ప్రభుత్వ సేవలకు యూఏఈ పాస్ కావాలి. జీతం పడిందో లేదో చూసుకోవాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా యాప్ తెరవాలి. దానికి తోడు 2025 జూలై 25 నుంచి ఇక్కడి బ్యాంకులు మెసేజ్‌లో, ఈమెయిల్‌లో ఓటీపీ పంపడం దశలవారీగా మానేస్తూ వచ్చాయి. లావాదేవీని యాప్‌లోనే ఆమోదించమంటున్నాయి. ఇదివరకు డిస్‌ప్లే పోతే సిమ్ తీసి రూమ్మేట్ ఫోన్‌లో వేసి ఓటీపీ చూసుకునేవాళ్ళు. ఆ దారి ఇప్పుడు మూసుకుపోతోంది. బయటికి వంద, రెండు వందల దిర్హాముల రిపేరులా కనిపించేది నిజానికి మనిషి డబ్బుకు, గుర్తింపుకు, కుటుంబానికి మధ్య పడిన అడ్డు. దాన్ని హడావుడిగా, ఊహ మీద బాగుచేయించుకోకూడదు.

ముందు ఆ ముక్క సంగతి చూద్దాం. డిస్‌ప్లే అని మనం ఒక్క మాటలో అనేదానిలో పైన అద్దం, దాని కింద టచ్ పొర, దాని కింద బొమ్మ చూపించే ప్యానెల్, అంచున చిన్న చిప్, అక్కడి నుంచి బోర్డుకు వెళ్ళే పల్చటి స్ట్రిప్ ఉంటాయి. దుకాణంలో దొరికే డిస్‌ప్లేలన్నీ ఒక్క రకం కావు. కంపెనీ నుంచి వచ్చిన కొత్త ముక్క ఒకటి. శాంసంగ్ ఫోన్లకైతే ఫ్రేముతో సహా వచ్చే దీన్ని సర్వీస్ ప్యాక్ అంటారు. పగిలిన ఒరిజినల్ ప్యానెల్‌కు కొత్త అద్దం అతికించి మళ్ళీ అమ్మేది ఇంకొకటి. వేరే ఫ్యాక్టరీలో తయారైన ఓఎల్ఈడీ మరొకటి. అన్నిటికంటే చవకైనది, ఓఎల్ఈడీ ఉండాల్సిన చోట ఎల్‌సీడీ పెట్టి తయారుచేసిన కాపీ. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. ఎల్‌సీడీకి వెనక నుంచి దీపం కావాలి. అందుకే ఆ కాపీ కొంచెం మందంగా ఉంటుంది, బ్యాటరీని ఎక్కువ తింటుంది, అంచుల్లో సరిగ్గా కూర్చోదు. తెర కింద వేలిముద్ర చూసే ఫోన్లలో, ముఖ్యంగా తెర గుండా కాంతి పంపి చూసే రకంలో, ఎల్‌సీడీ కాపీ వేస్తే వేలిముద్ర పనిచేయడం మానేస్తుంది, ఎందుకంటే ఆ కాంతి దాని గుండా పోదు. ఇది పాడవడం కాదు, ఆ ముక్క స్వభావమే అంత. కానీ కొనేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. "ఒరిజినల్ క్వాలిటీ అన్నా" అనే మాటలో ఇవన్నీ కలిసిపోతాయి.

అలాగని చవక ముక్క కాబట్టే పోయిందని తీర్పు చెప్పేయడం కూడా తొందరపాటే. కంపెనీ ముక్కలు కూడా పోతాయి, దానికి ఆ కంపెనీలే సాక్ష్యం. ఐఫోన్ 10 టచ్ పనిచేయకపోవడానికి డిస్‌ప్లేలోని ఒక భాగమే కారణమని ఆపిల్ 2018 నవంబరులో ఒప్పుకుని ఉచితంగా మార్చింది. 2019 నవంబరు నుంచి 2020 మే మధ్య తయారైన కొన్ని ఐఫోన్ 11 ఫోన్ల విషయంలోనూ అదే చేసింది. మన దేశంలో వన్‌ప్లస్ ఫోన్లలో ఆకుపచ్చ గీత పడటం ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. 2024 జూలైలో ఆ కంపెనీ ఆ గీత ఒక్కదాని విషయంలో జీవితకాల వారంటీ ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఫోన్లలో ఉన్నవి ఫ్యాక్టరీలో పెట్టిన డిస్‌ప్లేలే.

యూఏఈలో ఇంకో కారణం ఎప్పుడూ పనిచేస్తూ ఉంటుంది. అది వేడి. ఐఫోన్ వాడటానికి తగిన వేడి 0 నుంచి 35 డిగ్రీల వరకేనని ఆపిల్ చెబుతుంది. ఇక్కడ వేసవిలో నీడలోనే 45 దాటుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో మనుషుల చేత పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టింది. మనిషికి విశ్రాంతి ఇచ్చిన ఆ రెండున్నర గంటలూ ఫోన్ మాత్రం పికప్ వ్యాన్ డ్యాష్‌బోర్డు మీదో, స్కాఫోల్డింగ్ పక్కన సంచిలోనో ఉడుకుతూ ఉంటుంది. రిపేరు చేసేవాళ్ళు పాత డిస్‌ప్లేను ఊడదీయడానికి ఫోన్‌ను వేడి పలక మీద పెడతారు, జిగురు మెత్తబడటానికి. బయటి వేడి ఆ పలక అంత కాకపోయినా, రోజూ గంటల తరబడి తగిలితే సరిగ్గా పట్టని జిగురు సడలుతుంది. ఫ్యాక్టరీలో వేసిన జిగురు ఒకలా ఉంటుంది. దుకాణంలో పాత జిగురు పూర్తిగా గీకకుండా, పైన రబ్బరు బ్యాండ్లు వేసి, ఆరక ముందే చేతికిచ్చిన జిగురు ఇంకోలా ఉంటుంది. దానికి తోడు తీరప్రాంతపు తేమ. ఏసీ గదిలో చల్లబడిన ఫోన్ ఆగస్టు రాత్రి బయటికొస్తే అద్దం మీద చెమ్మ పట్టడం అందరూ చూసేదే. అంచు సరిగ్గా మూసుకోని ఫోన్‌లోకి ఆ తేమ గాలి పోతే లోపల కూడా చెమ్మ పడుతుంది. సిమెంటు దుమ్ము, ఇసుక సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అందుచేత ఇక్కడ జిగురు పని బాగోలేకపోతే దాని ఫలితం మిగతా చోట్ల కంటే త్వరగా బయటపడుతుంది.

ఇక బిగించడంలో జరిగే తప్పులు. ఫోన్ లోపల డిస్‌ప్లే స్ట్రిప్ బోర్డు మీద కూర్చునే చోట బియ్యపు గింజ పొడవుండే కనెక్టర్ ఉంటుంది. దాని లోపల వెంట్రుకల్లాంటి పిన్నులు వరుసగా ఉంటాయి. దాన్ని నిటారుగా నొక్కాలి. ఒక మూల పైకి లేచి ఉన్నా ఫోన్ వెలుగుతుంది, టచ్ పనిచేస్తుంది, కస్టమరు డబ్బు ఇచ్చి వెళ్ళిపోతాడు. జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాక కనెక్టర్ సడలుతుంది. ఆ కనెక్టర్ మీద చిన్న ఇనుప రేకు, రెండు మూడు స్క్రూలు ఉంటాయి. ఆ రేకు బిగించకుండా వదిలేసినా ఇదే జరుగుతుంది. ఐఫోన్లలో స్క్రూల పొడవు ఒక్కో రంధ్రానికి ఒక్కోలా ఉంటుంది. పొడవు స్క్రూను పొట్టి రంధ్రంలో తిప్పితే అది కింద బోర్డులోకి దిగి లోపలి దారులను తెంపేస్తుంది. బ్యాటరీ తీయకుండానే డిస్‌ప్లే తగిలిస్తే, ఎల్‌సీడీ ఫోన్లలో ఆ వెనక దీపానికి కరెంటు అందించే భాగం కాలిపోవచ్చు. అప్పుడు బొమ్మ ఉంటుంది, వెలుగు ఉండదు. చీకటి గదిలో టార్చి ఏటవాలుగా వేసి చూస్తే పల్చగా గుర్తులు కనిపిస్తాయి. ఇవన్నీ బిగించేవాడి తప్పులు. ముక్క ఎంత మంచిదైనా వీటి నుంచి కాపాడలేదు.

బోర్డు సంగతి ఇంకా లోతైనది. 2016లో ఐఫోన్ 6 ప్లస్ ఫోన్లకు ఒక జబ్బు వచ్చింది. తెర పైభాగంలో బూడిద రంగు పట్టీ మినుకుమినుకుమనేది, టచ్ పోయేది. లోకమంతా డిస్‌ప్లేలు మార్పించుకుంది. కొత్తది వేస్తే కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ అదే వరస. చివరికి తేలింది ఏమిటంటే జబ్బు డిస్‌ప్లేలో లేదు. బోర్డు మీద టచ్‌ను నడిపే చిప్ కింద ఉన్న సోల్డర్ చుక్కలు, ఫోన్ వంగడం వల్లా కింద పడటం వల్లా, పగులుతున్నాయి. ఆ ఏడాది నవంబరులో ఆపిల్ దానికి వేరే రిపేరు పథకం పెట్టింది. మన విషయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఫోన్ ఎందుకు కింద పడింది అని ఎవరూ అడగరు, పడిందని మాత్రం డిస్‌ప్లే పగులు చెబుతుంది. అద్దం పగిలేంత దెబ్బ బోర్డుకు తగలలేదని అనుకోవడానికి ఆధారం ఏముంది? ఉబ్బిన బ్యాటరీ కూడా ఇలాంటిదే. కింద నుంచి అది నెట్టుతూ ఉంటే పైన ఎన్ని డిస్‌ప్లేలు వేసినా లేచిపోతాయి. డిస్‌ప్లే అంచు పైకి లేచిందని జిగురు పెట్టించుకునే ముందు లోపల బ్యాటరీ ఉబ్బిందేమో చూడమనాలి. ఉబ్బిన బ్యాటరీ మీద నొక్కి అతికించడం ప్రమాదం కూడా.

సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చేవి కొన్ని ఉన్నాయి, వాటిలో దుకాణం తప్పు ఉండదు. 2018 మార్చి చివర్లో ఐఓఎస్ 11.3 వచ్చాక, బయట డిస్‌ప్లే మార్పించుకున్న కొన్ని ఐఫోన్ 8 ఫోన్లలో టచ్ ఉన్నట్టుండి ఆగిపోయింది. నెల తిరక్కుండా 11.3.1 ఇచ్చి ఆపిల్ దాన్ని సరిచేసింది. 2021లో ఐఫోన్ 13కి బయట డిస్‌ప్లే మారిస్తే ఫేస్ ఐడీ ఆగిపోయేది. డిస్‌ప్లేలోని చిన్న చిప్‌ను ఫోన్ గుర్తుపట్టకపోవడమే కారణం. గొడవ జరిగాక ఆ డిసెంబరులో ఐఓఎస్ 15.2తో ఆపిల్ ఆ అడ్డు తీసేసింది. కాబట్టి మీ డిస్‌ప్లే సరిగ్గా అప్‌డేట్ వేసిన మర్నాడే పోయిందంటే ఆ తేదీని మర్చిపోకండి. అది సాక్ష్యం. ఐఫోన్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే, కొత్త మోడళ్ళలో ఏ ముక్క మారిందో, అది ఆపిల్ గుర్తించిన ముక్క అవునో కాదో రాసి ఉంటుంది. దుకాణంలో ఒరిజినల్ అని చెప్పింది నిజమా కాదా అన్న వాదన అక్కడ తేలిపోతుంది.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఏం చూడొచ్చో చెబుతాను. టచ్ తనంతట తాను నొక్కుకుంటుంటే ముందు ఫోన్ స్విచ్ ఆఫ్ చేయండి. దీన్ని నేను అన్నిటికంటే గట్టిగా చెబుతున్నాను. ఆ దొంగ నొక్కుళ్ళు లాక్ తెర మీద తప్పు పాస్‌కోడ్‌లు కొడుతూ పోతే ఐఫోన్ తాళం పడిపోతుంది, చివరికి మొత్తం చెరిపేస్తే తప్ప తెరుచుకోదు. డిస్‌ప్లే సమస్య డేటా సమస్య అయ్యేది అక్కడే. తర్వాత ఛార్జర్ పీకి చూడండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే టచ్ పిచ్చిపడుతుంటే తప్పు నాసిరకం ఛార్జర్‌దై ఉండొచ్చు. టెంపర్డ్ గ్లాస్ తీసి, తుడిచి చూడండి. శాంసంగ్ ఫోన్ అయితే డయల్ ప్యాడ్‌లో స్టార్, హ్యాష్, సున్నా, స్టార్, హ్యాష్ కొడితే చాలా మోడళ్ళలో పరీక్షల పేజీ వస్తుంది. అందులో టచ్ అనేది తెరిచి వేలితో గళ్ళన్నీ నింపండి. ఒకే పట్టీలో గళ్ళు ఎప్పుడూ నిండకపోతే అది ఎక్కువగా ముక్క లోపం. కాసేపు అన్నీ నిండి, కాసేపు ఏదీ నిండకపోతే కనెక్టర్‌నో, బోర్డునో అనుమానించాలి. గీతలకూ అదే లెక్క. అంచు మీద మెల్లగా నొక్కితే గీత మారుతుంటే కనెక్షన్ సంగతి, ఎంత చేసినా కదలకుండా ఒకేచోట ఉంటే ప్యానెల్ సంగతి. ఈ గుర్తులు తీర్పు కావు, దర్యాప్తు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి అంతే. తెర నల్లగా ఉండి ఫోన్ మోగుతుంటే, కొత్త ఐఫోన్లలో వాల్యూమ్ పెంచే బటన్, తగ్గించే బటన్ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి వదిలి, పక్క బటన్‌ను కాసేపు పట్టుకుంటే బలవంతంగా రీస్టార్ట్ అవుతుంది. ఆండ్రాయిడ్‌లో బొమ్మ ఉండి టచ్ మాత్రమే పోతే చిన్న ఓటీజీ కనెక్టర్‌తో కంప్యూటర్ మౌస్ తగిలించి ఫోన్ నడపొచ్చు. బ్యాకప్ తీసుకోవడానికి ఆ కాసేపు చాలు.

దుకాణంలో ఎవరైనా "ఫార్మాట్ కొడితే సరిపోతుంది" అంటే ఒప్పుకోవద్దు. గీతలు పడిన ప్యానెల్‌ను ఫార్మాట్ బాగుచేయదు. అది చేస్తే యూఏఈ పాస్ మళ్ళీ నమోదు చేసుకోవాలి, బ్యాంకు యాప్ మళ్ళీ మొదటి నుంచి, ఇంట్లోవాళ్ళ ఫోటోలు పోతాయి. సాఫ్ట్‌వేర్ అనుమానం నిజంగా ఉంటే, బ్యాకప్ అయ్యాక, ఆఖరి ప్రయత్నంగా మాత్రమే.

దీనంతటిలో దుకాణంలో జరగాల్సిన అసలు పరీక్ష ఒకటుంది. జిగురు పెట్టకముందు, బాగా పనిచేస్తుందని తెలిసిన ఇంకో డిస్‌ప్లేను ఆ ఫోన్‌కు వదులుగా తగిలించి చూడటం. దానితోనూ అదే లోపం వస్తే బోర్డును చూడాలి. రాకపోతే మీకు వేసిన ముక్క చెడ్డది. పది నిమిషాల పని. కానీ ఆ మోడల్ డిస్‌ప్లే ఇంకోటి దుకాణంలో లేకపోవచ్చు. అప్పుడు పనికొచ్చేది మీ పాత పగిలిన డిస్‌ప్లే. మనం దాన్ని చెత్త అనుకుని అక్కడే వదిలేసి వస్తాం. అద్దం పగిలినా చాలాసార్లు కింద ప్యానెల్ బతికే ఉంటుంది, టచ్ కూడా కొంత పనిచేస్తుంది. కొత్తది పోయిన రోజున ఆ పాతదాన్ని తగిలిస్తే బొమ్మ వచ్చిందనుకోండి, ఆ ఫోన్ బోర్డు బాగుందని అందరి ముందూ రుజువైనట్టే. దుకాణంవాడు ఇక "మీ బోర్డు పోయింది" అనలేడు. దానికి విలువ కూడా ఉంది. పగిలిన ఒరిజినల్ ఓఎల్ఈడీలను కొత్త అద్దం అతికించి అమ్మేవాళ్ళు డబ్బిచ్చి కొంటారు. అందుకే కొన్ని చోట్ల అడిగితే తప్ప తిరిగి ఇవ్వరు. ముందే అడగాలి, పని మొదలుపెట్టక ముందే. ధర మాట్లాడుకునేటప్పుడే "పాతది నాకు ఇచ్చేయండి, లేదా దాని విలువ బిల్లులో తగ్గించండి" అనాలి. కవర్‌లో చుట్టి పెట్టెలో పెట్టుకుంటే చాలు.

ఇక్కడ కొందరు అడిగే మాటలు ఉన్నాయి, వాటికి జవాబు చెప్పాలి. ఇంత గొడవెందుకు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పోవచ్చు కదా అంటారు. పోగలిగినవాళ్ళు పోవాలి, అందులో సందేహం లేదు. కొత్త ఫోన్, వారంటీలో ఉన్న ఫోన్ అయితే తప్పకుండా అక్కడికే. కానీ కొన్నేళ్ళ నాటి ఫోన్‌కు కంపెనీ డిస్‌ప్లే ధర చాలాసార్లు ఆ ఫోన్ సెకండ్ హ్యాండ్ విలువను మించిపోతుంది. నెలకు వెయ్యి, పదిహేను వందల దిర్హాములతో ఇంటికి డబ్బు పంపే మనిషికి అది దారే కాదు. దేరా నైఫ్‌లోనో, బర్ దుబాయ్‌లోనో, షార్జా రోలాలోనో ఉన్న చిన్న దుకాణమే అతనికి అందేది. వాటిలో పని బాగా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మూడు రోజులు బోర్డు మీద సూక్ష్మదర్శిని పెట్టి కూర్చునేవాళ్ళూ ఉన్నారు. అందుకే నేను దుకాణాలను నిందించడం లేదు. ఏ ముక్క వేస్తున్నారో చెప్పి వేస్తే చవక ముక్క వేయడంలో తప్పు లేదు. చెప్పకుండా వేయడంలోనే తప్పుంది.

ఇంకో మాట దుకాణంవాళ్ళ వైపు నుంచి వస్తుంది. కస్టమరు ఫోన్‌ను మళ్ళీ కింద పడేసి, నీళ్ళలో ముంచి, వారంటీ అని వస్తాడు, మేమేం చేయాలి అని. ఇది న్యాయమైన మాటే. కింద పడినా డిస్‌ప్లే పగలకుండా లోపల స్ట్రిప్ తెగొచ్చు. అది ముక్క లోపం కాదు. కానీ దీనికి జవాబు వారంటీ ఎత్తేయడం కాదు. దుకాణం దాటితే బాధ్యత లేదు, ఇక్కడే చూసుకో అనే వారంటీ నిజానికి వారంటీయే కాదు. వేడికి జిగురు సడలడానికీ, కనెక్టర్ కదలడానికీ రోజులు, వారాలు పడతాయి. ఆ పరీక్ష కౌంటరు ముందు నిలబడి చేసేది కాదు. తప్పు ఎవరిదో తేల్చే దారి ఉంటే నిజాయితీగా పనిచేసిన దుకాణానికే మేలు. అందుకే పరీక్ష చేయడానికి విడిగా ఇరవై, ముప్పై దిర్హాములు అడిగితే ఇవ్వాలని నేనంటాను. మనవాళ్ళు దీనికి ఒప్పుకోరు. చూసినందుకు డబ్బా అంటారు. చూసినందుకు డబ్బు ఇవ్వకపోతే అతను బతకడానికి ముక్క అమ్మక తప్పదు, అవసరం ఉన్నా లేకపోయినా. అనవసరమైన డిస్‌ప్లే ధర కంటే ఆ ముప్పై దిర్హాములు ఎప్పుడూ తక్కువే.

ఇక కంపెనీల వాదన. బయటి ముక్కలను అడ్డుకోవడం భద్రత కోసం అంటారు. వేలిముద్ర, ముఖం గుర్తుపట్టే సెన్సర్ల విషయంలో అందులో నిజం ఉంది. ఎవరో పెట్టిన సెన్సర్‌ను మన బ్యాంకు నమ్మకూడదు. కానీ బొమ్మ చూపించే తెరకు అదే కట్టుబాటు పెట్టడం వేరు. 2018లో ఆస్ట్రేలియా కోర్టు, బయట రిపేరు చేయించారన్న కారణంతో కస్టమర్లకు హక్కు లేదని చెప్పినందుకు ఆపిల్‌కు 90 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2024లో చట్టం చేసి, ముక్కకూ ఫోన్‌కూ సాఫ్ట్‌వేర్ తాళం వేసి బయటి రిపేరును అడ్డుకోవడాన్ని నిషేధించింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకు విడిభాగాలు ఏళ్ళ తరబడి దొరకాలన్న నియమం వచ్చింది. ఒకసారి ఆ ముక్కలు సరైన ధరకు బయట దుకాణాలకు అందితే కాపీ ముక్కల మీద ఆధారపడాల్సిన అవసరమే తగ్గుతుంది.

అంతవరకూ ఇక్కడి చట్టాన్ని వాడుకోవచ్చు. యూఏఈలో 2020 నాటి 15వ ఫెడరల్ చట్టం వినియోగదారుల రక్షణ గురించినది. సేవ చేసినవాళ్ళు ఆ పనికి తగినంత కాలం దానికి హామీగా ఉండాలనీ, లోపం ఉంటే డబ్బు వెనక్కివ్వాలి లేదా పని మళ్ళీ సరిగ్గా చేయాలనీ అందులో ఉంది. తేదీతో, దుకాణం పేరుతో, వేసినదేమిటో రాసి బిల్లు ఇవ్వాలనీ ఉంది. రిపేరు దుకాణం చేసేదీ సేవే. దుబాయ్‌లో వినియోగదారుల రక్షణ విభాగం, అబుధాబిలో, షార్జాలో ఆయా ఆర్థికాభివృద్ధి శాఖలు ఫిర్యాదులు తీసుకుంటాయి. క్యాంపులో ఉండే మనిషికి ఈ ఫిర్యాదులన్నీ అయ్యే పనేనా, బిల్లే ఇవ్వరు కదా అని అడగొచ్చు. బిల్లు అడిగితే ధర పెరుగుతుందన్న భయంతో మనమే అడగం. పది దిర్హాములు పెరిగినా అడగాలి. ఆ కాగితం మీద నాలుగు మాటలు రాయించాలి: ఫోన్ మోడల్, వేసిన డిస్‌ప్లే రకం, ఎన్ని రోజుల వారంటీ, పాత డిస్‌ప్లే తిరిగి ఇచ్చారని. "డిస్‌ప్లే" అని ఒక్క మాట రాస్తే చాలదు. ఓఎల్ఈడీయా, ఎల్‌సీడీ కాపీయా, అద్దం మార్చిన ఒరిజినలా అని రాయించాలి. ఆ రకం పేరు రాయడానికి వెనకాడే దుకాణం అక్కడికక్కడే మీకు జవాబు చెప్పేసినట్టు.

సెలవుకు ఊరెళ్ళేవాళ్ళకు ఒక మాట. దేరాలో ఇచ్చిన వారంటీ జగిత్యాలలో పనిచేయదు. ఊరికి వెళ్ళబోయే వారం ముందు డిస్‌ప్లే మార్పించుకోవద్దు, మార్పించాక కనీసం రెండు మూడు వారాలైనా ఇక్కడే ఉండేలా చూసుకోండి. ఆ రోజుల్లో ఎండలో వాడి, రాత్రి ఛార్జింగ్ పెట్టి, కాల్ మాట్లాడేటప్పుడు చెవి దగ్గర పెట్టగానే తెర ఆరుతోందో లేదో, వేలిముద్ర పడుతోందో లేదో చూసుకోండి. ఏదైనా తేడా ఉంటే అదే రోజు వీడియో తీసి దుకాణానికి పంపండి. బిల్లును ఫోటో తీసి ఉంచుకోవడం ఎటూ చేస్తారు, దాన్ని ఆ ఫోన్‌లో ఒక్కదానిలోనే ఉంచకుండా ఇంటికి ఒకటి, రూమ్మేట్‌కు ఒకటి పంపి పెట్టండి.